మన ఊళ్లలో పెరిగిన గెర్షోములు



ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని పెద్దలు నన్ను కోరారు. దేవాలయములు ఎట్లు కట్టబడినవో, ఆసుపత్రులు, బడులు ఎట్లు మొదలైనవో వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. ఎనభై ఏండ్లు దాటిన నాకు మాత్రము వేరొక సంగతి చాలాకాలముగా మనస్సులో మెదలుచున్నది. అది మన సంఘ చరిత్రలో ఎవరూ వ్రాయని పుట. చిన్న పుటయే గాని, దానిలో మనము నేర్చుకొనవలసినది చాలా ఉన్నది.

మన పాత ఫోటోలను ఒకసారి తీసి చూడండి. గద్వాల గాని, వనపర్తి గాని, నాగర్‌కర్నూలు గాని, ఏ మిషను బంగళా మెట్ల మీద తీసిన ఫోటో అయినా సరే. మధ్యను కుర్చీలలో దొరగారు, దొరసానిగారు. ఇరుప్రక్కల తలపాగాలు చుట్టిన బోధకులు, తెల్లచీరలు కట్టిన బైబిలు స్త్రీలు, బడిపంతుళ్లు. ముందు వరుసలో నేలమీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు తెల్లపిల్లలు. ఫోటో క్రింద పెద్దల పేర్లు వరుసగా ఉంటాయి. ఆ పిల్లల పేర్లు మాత్రము తరచుగా కనిపించవు. వారు ఎవరు? ఎక్కడ పుట్టారు? పెరిగి పెద్దవారై ఏ ఊరును తమ ఊరని చెప్పుకొన్నారు? ఈ వ్యాసము ఆ పిల్లలను గురించినది.

మోషే ఫరో ఇంట పెరిగినవాడు. పుట్టుకచేత హెబ్రీయుడు, పెంపకముచేత ఐగుప్తీయుడు. పారిపోయి మిద్యానులో కాపురము పెట్టినప్పుడు తన తొలిచూలు కుమారునికి గెర్షోము అని పేరు పెట్టాడు. అన్యదేశములో పరదేశినైతిని అన్న బాధ ఆ పేరులో ఉన్నది. కాని ఒక్క విషయము గమనించండి. పరదేశినని బాధపడినవాడు తండ్రి. ఆ పేరు మోయవలసినవాడు కుమారుడు. కుమారునికి మిద్యాను పరదేశము కాదు, అతడు పుట్టిన ఊరు. అయినను జీవితమంతా పరదేశి అన్న పేరుతోనే పిలువబడ్డాడు. మన బంగళాలలో పెరిగిన పిల్లల కథయు ఇటువంటిదే.

తల్లిదండ్రులే బాటసారులు

మన ప్రాంతమునకు వచ్చిన మిషనెరీలలో ఎక్కువమంది మెన్నోనైట్ బ్రదరెన్ సంఘమునకు చెందినవారు. మనము వారిని అమెరికా దొరలు అన్నాము. నిజానికి అమెరికా కూడ వారికి క్రొత్త ఊరే. 16వ శతాబ్దములో హాలెండు దేశమున మెన్నో సైమన్స్ అను బోధకుని వెంబడించిన జనము వారి పూర్వికులు. ఆయుధము పట్టము అన్న విశ్వాసము వలన అక్కడ హింసలు పడి, ప్రష్యా దేశములో విస్తులా నది ఒడ్డునకు చేరారు. రష్యా రాణి కాథరిన్ విదేశీయులను రమ్మని 1763లో ప్రకటన చేయగా, 1789 నుండి దక్షిణ రష్యాకు, అనగా నేటి ఉక్రెయిను ప్రాంతమునకు, బండ్లు కట్టుకొని పోయారు. అక్కడనే 1860 జనవరి 6న మెన్నోనైట్ బ్రదరెన్ సంఘము ఏర్పడినది. 1874లో రష్యా ప్రభుత్వము నిర్బంధ సైనిక సేవను తెచ్చినప్పుడు, వేల కుటుంబాలు మరల మూటలు కట్టి అమెరికా, కెనడా దేశాల గడ్డిమైదానాలకు తరలిపోయాయి.

ఆ జనములోనుండియే అబ్రాహాము ఫ్రీసెన్, మరియ దంపతులు రష్యానుండి బయలుదేరి 1890లో నల్లగొండ చేరారు. అమెరికానుండి ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులు 1899లో వచ్చారు. డి. ఎఫ్. బెర్గ్‌తోల్డ్ గారు 1906లో నాగర్‌కర్నూలు స్టేషను నెలకొల్పారు. వనపర్తి, కల్వకుర్తి, దేవరకొండ, శంషాబాదులలో స్టేషనులు లేచాయి. అంతకుముందు అమెరికన్ బాప్తిస్టు మిషను చేతిలోనున్న గద్వాల, మహబూబ్‌నగరు స్టేషనులు 1937లో వీరి చేతికి వచ్చాయి.

ఇప్పుడు ఆ ఇండ్లలో పుట్టిన బిడ్డను ఊహించుకోండి. తాత రష్యాలో పుట్టాడు. తండ్రి కాన్సాసు పొలాలలో పెరిగాడు. ఇంటిలో అవ్వల కాలమునుండి వచ్చిన జర్మను యాస, ప్రార్థనకు గ్రంథ జర్మను భాష, చదువుకు ఇంగ్లీషు. బిడ్డ మాత్రము మొదట పలికిన మాటలు ఆయమ్మ నేర్పిన పాలమూరు తెలుగు మాటలు. నాలుగు దేశాలు ఒక్క ఉయ్యాలలో ఊగినట్లు. అందులో ఏది తన దేశము?

ప్రహరీ లోపల, ప్రహరీ బయట

నేను కాంపౌండులో పెరిగినవాడను. నా తండ్రి ఒక మిషను బంగళాలో వంటపని చేసేవాడు. ఏ ఊరిలోనో ఇక్కడ వ్రాయను, ఆ ఇంటివారి పేరును వ్రాయను. ఆ దొరగారి చిన్నకొడుకు, నేను ఒకే ఈడువారము. చిర్రగోనె ఆడాము, గోలీలు ఆడాము. చెరువు కట్టమీద రేగుపండ్లు ఏరుకున్నాము. సీతాఫలాల కాలము వస్తే గుట్టలకు పోయి పండ్లు తెచ్చి గడ్డిలో మాగబెట్టినాము. అతడు మాట్లాడితే, కండ్లు మూసుకొని విన్నవానికి మా వాడకట్టు పిల్లగాడే. వాని తండ్రిగారి తెలుగు పుస్తకాల తెలుగు. వాని తెలుగు మన నేల తెలుగు.

అయినను వాడు మావాడు కాలేదు. సాయంకాలము గంట కొట్టగానే వాడు బంగళాలోనికి, నేను వంటింటి వెనుకనున్న మా గుడిసెలోనికి. పల్లెలకు క్యాంపు పోయినప్పుడు జనము గుంపుగా కూడి వాని తెల్లవెంట్రుకలను ముట్టి చూచేవారు. వానికి ఆరేండ్లప్పుడే ముసలివారు సైతము లేచి నిలువబడి దండము పెట్టేవారు. ఆ దండము ఎంత ఎత్తైన గోడయో అప్పుడు మాకు తెలియలేదు. తోటి పిల్లవానికి ఎవరూ దండము పెట్టరు గదా.

1953 క్రిస్మసు దినమున జరిగిన సంగతి చెబుతాను. ఆరాధన అయిన తరువాత వాడు మా ఇంటికి అన్నానికి వస్తానని పట్టుబట్టాడు. దొరసానిగారు సరే అన్నారు. మా అమ్మకు కాళ్లు చేతులు ఆడలేదు. పొరుగింటినుండి నులక మంచము తెచ్చి, దుప్పటి పరచి, బోధకుల ఇంటినుండి పింగాణి పళ్లెము అరువు తెచ్చింది. వానిని మంచము మీద కూర్చుండబెట్టి, మమ్ములను నేలమీద విస్తళ్ల ముందర కూర్చుండబెట్టింది. వాడు మంచము దిగి, "అమ్మా, నేను గూడ కిందనే కూసుంట, ఆకులనే తింట" అన్నాడు. మా అమ్మ, "వద్దు బాబూ, నువ్వు కింద కూసుంటే మా ఇజ్జత్ పోతది" అని మరల పైకి ఎక్కించింది. వాడు మరల దిగాడు. ఈసారి మా నాయన గట్టిగా చెప్పాడు. వాడు మంచముమీద తలవంచుకొని కూర్చున్నాడు. పళ్లెములో కన్నీళ్లు పడుచుండగా తిన్నాడు. మేము మర్యాద చేసినామనుకొన్నాము. వాడు అడిగినది మర్యాద కాదు, వరుసలో చోటు.

ఇందులో తప్పు మా అమ్మదని నేను అనను. దొరల ఎదుట నేలమీద కూర్చొనుటయే నేర్చిన తరము అది. సంస్థానాల రాజుల కాలము, దేశ్‌ముఖుల కాలము. మిషనువారు సైతము ఎత్తైన బంగళాలు కట్టుకొని, నౌకర్లను పెట్టుకొని, ఆ కాలపు తెల్లవారి జీవన పద్ధతిలోనే ఉన్నారు. గోడకు ఇటునుండి మనము రాళ్లు పేర్చాము, అటునుండి వారు పేర్చారు. నడుమ నిలిచినవాడు ఒక తొమ్మిదేండ్ల పిల్లవాడు.

కొండమీది బడి

ఆ పిల్లలు ఏడాదిలో ఎక్కువ నెలలు మన ఊళ్లలో ఉండేవారే కారు. ఆరేడేండ్ల ప్రాయము రాగానే చదువుకొరకు దూరము పంపబడేవారు. మన ప్రాంతపు మిషను పిల్లలలో అనేకులు పోయినది తమిళ దేశములోని కొడైకెనాలునకు. పళని కొండలమీది ఆ స్థలమును అమెరికన్ మదురై మిషనువారు 1845లో తమ విశ్రాంతికొరకు ఎన్నుకొన్నారు. మైదానపు జ్వరాలకు, కలరాకు పసిబిడ్డలు రాలిపోవుచుండగా చల్లని కొండను వెదకుకొన్నారు. అక్కడ 1901లో మిషనెరీల పిల్లలకొరకు బడి తెరిచారు. హైక్లార్క్ అను హోటలు భవనములో నడచినందున చాలాకాలము దానికి హైక్లార్క్ స్కూలు అనియే పేరు. 1970 దశకములో అది కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలుగా మారినది.

గద్వాలనుండియో వనపర్తి రోడ్డునుండియో రైలెక్కి, ద్రోణాచలము, గుంతకల్లుల మీదుగా మద్రాసు చేరి, మరొక రైలులో కొడై రోడ్డు స్టేషనులో దిగి, అక్కడనుండి కొండ ఎక్కవలెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఘాటు రోడ్డు సిద్ధమగువరకు మనుష్యులు డోలీలలో మోసికొనిపోయేవారు. వేసవిలో తల్లులు కొండకు పోయి కొన్ని వారాలు పిల్లలతో గడిపేవారు. చలికాలపు సెలవులకు పిల్లలు ఇంటికి దిగివచ్చేవారు. మిగిలిన నెలలన్నియు ఉత్తరాలే.

మన సంఘ చరిత్రలలో మిషనెరీల త్యాగమును గురించి చదువుతాము. తమ దేశమును, బంధువులను విడిచి వచ్చారని వ్రాస్తాము. అది సత్యమే. కాని తల్లిదండ్రులు ఆ త్యాగమును తామే నిర్ణయించుకొన్నారు. ఏడేండ్ల బిడ్డను ఎవరు అడిగారు? మన పిల్లలకు వనపర్తిలో, గద్వాలలో బోర్డింగు నడిపిన తల్లి తన సొంత బిడ్డను వందల మైళ్ల దూరమున మరొకరి చేతిలో పెట్టినది. మన తల పేలు తీసిన చేతులు వారి బిడ్డ తలను ఏడాదికి కొన్ని వారాలే నిమిరినవి. మన అక్షరజ్ఞానములో ఆ పిల్లల ఎడబాటు కూడ ఒక ఇటుకగా ఉన్నదని మనము తెలిసికొనవలెను.

ముల్కీయా, గైర్ ముల్కీయా?

మన నైజాం ప్రాంతపు వారికి ముల్కీ అన్న మాట చెప్పనక్కరలేదు. ఈ దేశస్థుడు ముల్కీ, బయటివాడు గైర్ ముల్కీ. నిజాము కాలపు నిబంధనల ప్రకారము బయటనుండి వచ్చినవాడు ముల్కీ కావలెనన్న పదిహేనేండ్లు ఇక్కడ స్థిరముగా నివసించి, తన స్వస్థలమునకు తిరిగి పోవు తలంపు విడిచినట్లు కూడ చూపవలెను. మిషనెరీ కుటుంబమునకు ఆ తలంపు విడుచుటయే కుదరదు. కొన్నేండ్లకొకసారి ఫర్లో అను సెలవు మీద అమెరికా పోవలెను, పని తీరిన తరువాత శాశ్వతముగా పోవలెను. కనుక వారి బిడ్డ నాగర్‌కర్నూలులో పుట్టినను గైర్ ముల్కీయే.

అమెరికా చట్టము సైతము వారిని సులువుగా తనవారని అనలేదు. 1907 నాటి చట్టము ప్రకారము విదేశములో పుట్టి అక్కడనే ఉండు పౌరుల పిల్లలు, అమెరికా ప్రభుత్వపు రక్షణ కావలెనన్న, 18 ఏండ్లు రాగానే కాన్సలు కచేరీలో తమ ఉద్దేశమును నమోదు చేయించుకొని, మేజరు కాగానే విధేయతా ప్రమాణము చేయవలెను. పుట్టిన ఊరు తనవాడు కాదన్నది. తల్లిదండ్రుల దేశము ప్రమాణము చేసి రమ్మన్నది.

స్వతంత్ర భారతదేశపు చట్టము ఈ విషయములో ఎక్కువ ఉదారముగా ఉండెను. 1950 జనవరి 26 మొదలు 1987 జూన్ 30 వరకు మన గడ్డమీద పుట్టిన బిడ్డలకు, విదేశ రాయబారుల పిల్లల వంటి కొద్దిమంది తప్ప, తల్లిదండ్రులు ఎవరైనను పుట్టుకచేతనే భారత పౌరసత్వము 1955 నాటి పౌరసత్వ చట్టము ఇచ్చినది. ఆ కాలములో మన జిల్లాలో పుట్టిన తెల్లబిడ్డలు చట్టము దృష్టిలో మనవారే. మన దృష్టిలో మాత్రము దొరబాబులే. చట్టము తెరిచిన తలుపును మనస్సు తెరువలేదు.

సెలవుమీద అమెరికా పోయినప్పుడు వారి అవస్థ మరొక విధము. సొంత ఊరికి వచ్చావని అక్కడి బంధువులు ముద్దు పెట్టుకొంటారు. ఇండియా పిల్లవాడు ఏదో మాట్లాడమని గుడిలో నిలువబెట్టి, తెలుగులో పాట పాడిస్తారు. రూపము అందరివంటిదే, లోపల మనిషి వేరు. ఇక్కడ అందరికంటె వేరుగా కనబడి లోపల మనవాడు, అక్కడ అందరివలె కనబడి లోపల పరాయివాడు.

ఈ అవస్థకు పేరు పెట్టిన పండితులు దానిని మన దేశములోనే కనుగొన్నారన్నది చాలామందికి తెలియదు. జాన్ యూసీమ్, రూత్ హిల్ యూసీమ్ అను అమెరికా సమాజశాస్త్రజ్ఞులైన దంపతులు 1950 దశకములో ఇండియాకు వచ్చి, ఇక్కడ పనిచేయు అమెరికనుల జీవితమును పరిశీలించారు. తల్లిదండ్రుల దేశపు అలవాట్లు ఒకటి, నివసించు దేశపు అలవాట్లు రెండు, ఈ రెంటి నడుమ కలిసి ఏర్పడిన బ్రతుకు మూడవది అని గ్రహించి, అట్టి పిల్లలకు మూడవ సంస్కృతి పిల్లలు అని రూత్ యూసీమ్ పేరు పెట్టారు. నేడు లోకమంతట రాయబారుల, సైనికుల, కంపెనీ ఉద్యోగుల పిల్లలను గూర్చి ఆ మాటనే వాడుచున్నారు.

శంషాబాదులో పుట్టిన పండితుడు

ఈ పిల్లలలో లోకమునకు తెలిసిన ఒకరిని గూర్చి చెప్పవలెను. ఆయన పాల్ జి. హీబర్ట్. 1932 నవంబరులో శంషాబాదులో మెన్నోనైట్ బ్రదరెన్ మిషనెరీల ఇంట పుట్టారు. కొడైకెనాలు బడిలో చదివారు. పైచదువులు అమెరికాలో చదివి, 1960లో భార్యతో మిషనెరీగా మన ప్రాంతమునకే తిరిగి వచ్చి, శంషాబాదు బైబిలు పాఠశాలలో పనిచేశారు. ఆ కాలములోనే మహబూబ్‌నగరు జిల్లాలోని ఒక పల్లెను ఇల్లిల్లు తిరిగి పరిశీలించారు. కులాలు, కుటుంబాలు, పంచాయతీలు, జాతరలు, ఒకరిపై ఒకరు ఆధారపడు విధానము అన్నియు వ్రాసిన ఆ గ్రంథము కొండూరు అను పేరుతో 1971లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ ముద్రణాలయమునుండి వెలువడినది. మన పాలమూరు పల్లె ఒకటి పరదేశపు విద్యార్థులకు పాఠమైనది.

ఆయన పిమ్మట ఫుల్లర్, ట్రినిటీ వేదాంత పాఠశాలలలో ఆచార్యులై, మిషను మానవశాస్త్రములో పేరెన్నిక గన్నవారై, 2007లో ప్రభువునందు నిద్రించారు. వారి రచనలలో 1978 నాటి ఒక వ్యాసము మనకు ముఖ్యము. అందులో ఆయన ఒక ప్రశ్న వేశారు. పాపయ్య అను పల్లెటూరి రైతు. చదువు రాదు. పొలమునుండి ఇంటికి వచ్చి, ఒక్కసారి సువార్త విన్నాడు. విని విశ్వసించాడు. ఈ పాపయ్య క్రైస్తవుడగునా, కాదా?

దీనికి జవాబుగా ఆయన రెండు పద్ధతులు చూపించారు. మొదటిది గీత గీచుకొను పద్ధతి. ఈ ఈ సంగతులు తెలిసినవాడు, ఈ ఈ అలవాట్లు ఉన్నవాడు గీత లోపల, లేనివాడు బయట. రెండవది కేంద్రమును చూచుకొను పద్ధతి. ఎవడు ఎంత దూరమున ఉన్నాడన్నది కాదు, ముఖము ఎటువైపు తిప్పి నడుచుచున్నాడన్నదే ప్రశ్న. కేంద్రమగు క్రీస్తువైపు తిరిగినవాడు, ఎంత దూరమునుండి బయలుదేరినను, ఆ గుంపులోనివాడే. నేడు అనేక దేశాల సంఘాలలో ఈ వ్యాసమును చదువుచున్నారు, చర్చించుచున్నారు.

ఈ తలంపు ఆయనకు గణితశాస్త్రమునుండియు మానవశాస్త్రమునుండియు వచ్చినదని పండితులు చెప్పవచ్చును. నా అల్పబుద్ధికి తోచినది వేరు. జీవితమంతా గీతలకు బయట నిలిచిన బిడ్డకు గాక ఈ ప్రశ్న మరెవరికి అంత లోతుగా తగులును? శంషాబాదు గీతలో ఆయన దొర, అమెరికా గీతలో ఇండియావాడు. ఏ గీత లోపలను ఇమడనివాడు, గీతయే మనుష్యుని కొలత కాదని చెప్పగలిగాడు. ఇది నా ఊహ మాత్రమే. కాని ఆ ప్రశ్నలోని మనిషికి జానో పీటరో గాక, మన పాపయ్య పేరు పెట్టుట చూచినప్పుడెల్లను, ఆయన ముఖము ఎటువైపు తిరిగియున్నదో నాకు తెలియుచున్నది.

మన పిల్లల సంగతి

ఇది తెల్లపిల్లల కథయే అనుకొంటే పొరపాటు. పెరిగిన ఊరు తనది కాకపోవుట అను బాధ పాలమూరు జిల్లాకు బాగా తెలిసినది. కరువుకు తాళలేక గుంపు మేస్త్రీల వెంట మన జనము దేశమంతటను ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టినారు. పాలమూరు లేబరు అన్న పేరే పడినది. బొంబాయిలోని కామాటిపురా పేరు మన తెలుగు దేశమునుండి పోయిన కామాటి కూలీల పేరే. ఆనకట్ట ప్రక్కన గోనెపట్టాల గుడిసెలో పెరిగిన బిడ్డ ఆ ఊరి బడిలో పాలమూరోడు. ఏండ్ల తరువాత సొంత ఊరికి వస్తే ఇక్కడ బొంబాయోడు. మనము అతనికి పెట్టిన పేరు కూడ గెర్షోము వంటిదే.

నేడు గల్ఫ్‌లో, అమెరికాలో పెరుగుచున్న మన మనుమలు, మనుమరాండ్రు అదే త్రోవలో ఉన్నారు. నా మనుమరాలు డల్లాసులో పుట్టినది. సెలవులకు వచ్చినప్పుడు ఆమె తెలుగు విని మన పిల్లలు నవ్వుతారు. అక్కడ బడిలో ఆమె అన్నపుడబ్బా చూచి వారు నవ్వుతారట. ఆ పిల్ల నన్ను, "తాతా, మన ఊరంటే ఏది?" అని అడిగినది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. డెబ్బది ఏండ్ల క్రిందటి నులక మంచము నా కండ్ల ముందర నిలిచినది.

చాప మీద కూర్చున్న దినము

ఆ మంచము మీద ఏడ్చిన పిల్లవాడు 2003 డిసెంబరులో, అరువది ఏండ్లకు సమీపించినవాడై, మా ఊరికి తిరిగి వచ్చాడు. ఆదివారము ఉదయమున సంఘమంతయు మేళతాళాలతో ఎదురేగినది. వేదికమీద కుర్చీ వేసి, పూలమాల వేసి, శాలువ కప్పినాము. నేనే ముందుండి కప్పించాను. అతడు రెండు మాటలు మన పాలమూరు తెలుగులో మాట్లాడగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటివాడు తన ఇంటి భాష మాట్లాడితే చప్పట్లు కొడతారా? ఈ ప్రశ్న నాకు ఆ దినమున తోచలేదు.

సాయంకాలము ఒంటరిగా మా ఇంటికి వచ్చాడు. "అమ్మ లేదా?" అన్నాడు. చనిపోయి పదునెనిమిది ఏండ్లయినదని చెప్పాను. కొంచెముసేపు మాట్లాడలేదు. నా భార్య లోపలినుండి కుర్చీ తెచ్చి వేసినది. అతడు ఆ కుర్చీని చూచి, నన్ను చూచాడు. అప్పుడు నాకు అర్థమైనది. యాభై ఏండ్లు ఆలస్యముగా అర్థమైనది. కుర్చీ తీసివేసి చాప పరచాను. అతనికి మోకాళ్లు వంగలేదు. గోడ పట్టుకొని, నా భుజము పట్టుకొని, మెల్లగా కూర్చున్నాడు. విస్తరిలో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టినాము. తిన్నాడు.

తిన్న తరువాత అతడన్న మాట ఇది: "అమెరికాల ఎవరన్న నీదే ఊరంటే ఇప్పటికి గూడ ఒక్క నిమిషం ఆగుత. ఏం చెప్పాల్నో తెల్వదు. ఇయ్యాల మాత్రం ఆగ." ఆ తరువాత అతడు మరల రాలేదు.

సోదరులారా, శతవార్షికోత్సవమనగా గడచిన నూరేండ్లకు కృతజ్ఞత చెప్పుట. నా మనవి రెండు మాటలు. మొదటిది, మన సంఘ రిజిస్టర్లలో, పాత ఉత్తరాలలో వెదకి, మన ఊళ్లలో పుట్టిన, మన ఊళ్ల సమాధులలో పసితనముననే నిద్రించిన ఆ పిల్లల పేర్లను ఫోటోల క్రింద వ్రాయుదము. వారి తల్లిదండ్రుల పేర్లు రాళ్లమీద చెక్కించినవారము, వారి పేర్లు కాగితముమీదనైనను వ్రాయలేమా?

రెండవది ఇంకను ముఖ్యము. నేడు ఒడిశానుండి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాలు మన తెలంగాణ ఊళ్లలో ఉన్నవి. వారి పిల్లలు మన గుడి తలుపు దగ్గర నిలిచి పాటలు వింటారు. మనము వారికి వెనుక బెంచీ చూపుతాము, లేదా క్రిస్మసునాడు వేదికమీదికి పిలిచి బట్టలు పంచి ఫోటో తీస్తాము. వెనుక బెంచీయు, వేదికయు రెండును ఒక్కటే. రెండును వరుసకు బయటనే ఉన్నవి. ఆ పిల్లలకు మన ప్రక్కను, మన చాపమీద, మన పిల్లల నడుమ చోటియ్యవలెను. వారి మోకాళ్లు ఇంకను వంగు వయస్సులోనే ఇయ్యవలెను.

రాబోవు నూరేండ్లలో మన సంఘాలలో పెరుగు ఏ బిడ్డయు, నీదే ఊరని అడిగితే ఆగి ఆలోచింపవలసిన అవసరము లేకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమెన్.